మనిషికి నేమ్ ప్లేటు ఏది?

గత సంచికలో ఈ శీర్షిక క్రింద ట్రాన్స్‌ఫార్మరు చమురు పరీక్షలను గురించి నాలుగు మాటలు వ్రాశాను. మన పత్రిక మా ఇంట అందరూ చదివిన తరువాత మచిలీపట్నంలో ఉన్న మా అక్కయ్యకు చేరటం ఎంతో కాలంగా వస్తున్న ఆనవాయితీ. ఆమె ముప్పై ఏడేళ్ళకు పైగా జీవిత బీమా కార్యాలయంలో పనిచేసి 2021 జనవరిలో పదవీ విరమణ చేసింది. వోల్టులూ ఆంపియర్లూ ఆమెకు పట్టవు గాని, అచ్చయిన కాగితం ఏది చేతికి వచ్చినా చివరి అక్షరం దాకా చదవనిదే విడిచిపెట్టదు. ఈమధ్య పండుగకు వెళ్ళినప్పుడు, కాఫీ గ్లాసు చేతికిస్తూ ఒక ప్రశ్న వేసింది.

"తమ్ముడూ, యంత్రం ఎంత బరువు మోయాలో దాని ఒంటి మీదే పలక బిగించి వ్రాస్తారన్నావు. బాగానే ఉంది. మరి మనిషికి ఆ పలక ఎక్కడ బిగిస్తారు?"

సమాధానం తోచక నవ్వి ఊరుకున్నాను. కాని ఆ ప్రశ్న రైలులో నా వెంటే వచ్చింది, ఇంటికీ వచ్చింది, మరునాడు ఉదయం సబ్‌స్టేషనుకు కూడా వచ్చింది. అందుచేత ఈ నెల యంత్రాలకు సెలవిచ్చి, మనిషి మోసే పనిని గురించి ముచ్చటించదలచాను. ఉదాహరణలు చాలావరకు బీమా కార్యాలయం నుండే తీసుకుంటున్నాను. అక్కడి కథ మనకు కొత్తది కాదని చదువుతూండగా మీకే తెలుస్తుంది.

మన కర్మాగారంలో ఏ మోటారు దగ్గరకు వెళ్ళినా ముందుగా కంటబడేది నేమ్ ప్లేటు. ఎన్ని కిలోవాట్లు, ఎన్ని వోల్టులు, ఎంత విద్యుత్తు తీసుకుంటుంది, ఎంత వేడిని ఓర్చుకుంటుంది, అన్నీ దాని మీద చెక్కి ఉంటాయి. ఆ అంకెలను దాటి భారం వేస్తే రిలే విడిపోతుంది, యంత్రం ఆగుతుంది. ఎవరూ మోటారును సోమరి అని నిందించరు. కార్యాలయంలో గది తలుపుల మీద కూడా నేమ్ ప్లేట్లు ఉంటాయి. వాటి మీద పేరు ఉంటుంది, హోదా ఉంటుంది. ఆ గదిలోని మనిషి ఎంత మోయగలడో మాత్రం ఉండదు.

బీమా కార్యాలయంలో పని ఏమిటన్న దానిపై మన వంటి బయటివారికి ఒక అపోహ ఉంది. ఏజెంటు పాలసీ కట్టిస్తాడు, గుమస్తా రసీదు ఇస్తాడు, అంతటితో సరి అనుకుంటాము. అక్కయ్య ఆ అపోహను ఒక్క వాక్యంతో పోగొట్టింది. "పాలసీ అమ్మిన రోజున పని అయిపోదురా, ఆ రోజున పుడుతుంది." పుట్టిన పాలసీకి ఒక డాకెట్టు తెరుస్తారు. ప్రతిపాదన పత్రం, వైద్య పరీక్ష నివేదిక, వయస్సు ధ్రువపత్రం అందులో చేరతాయి. ఇరవై ఏళ్ళ పాలసీ అయితే ఇరవై ఏళ్ళ పాటు దానికి ప్రీమియం జమలు, చిరునామా మార్పులు, నామినేషన్ మార్పులు, అప్పులు, మధ్యలో ఆగిపోతే పునరుద్ధరణలు ఉంటాయి. చివరకు గడువు తీరిన చెల్లింపో, దురదృష్టవశాత్తూ మరణ క్లెయిమో వస్తుంది. అంతవరకు ఆ డాకెట్టు ఎవరో ఒకరి బల్ల మీదకు వస్తూ పోతూనే ఉంటుంది.

ఇక్కడ ఇంజనీరు కన్నుకు ఒక విషయం స్పష్టంగా కనిపిస్తుంది. కొత్త వ్యాపారం కుళాయిలోంచి ధారగా వచ్చే నీటి వంటిది. దానిని ఏడాదికి ఇంత అని కొలుస్తారు. సేవా భారం తొట్టెలో నిలిచిన నీటి వంటిది. అది గడచిన ఏళ్ళన్నిటి ధార కలిసిన మొత్తం. కుళాయి ధార ఈ ఏడాది పెరగకపోయినా తొట్టెలో మట్టం పెరుగుతూనే ఉంటుంది. లక్ష్యాలు నిర్ణయించేవారు ధారను కొలుస్తారు, బల్ల ముందు కూర్చున్నవారు తొట్టెను మోస్తారు. పెద్ద కార్యాలయాలలో పైవారికీ క్రిందివారికీ మధ్య కలిగే అపార్థాలలో చాలావాటికి మూలం ఈ కొలతల తేడాయే అని నాకు అనిపిస్తుంది.

భారతీయ జీవిత బీమా సంస్థ చరిత్రను చూస్తే ఈ మాట అంకెలలో కనిపిస్తుంది. 1956 జనవరి 19న ప్రభుత్వం ఆర్డినెన్సు ద్వారా జీవిత బీమా కంపెనీల నిర్వహణను చేతిలోకి తీసుకున్నది. ఆ సంవత్సరం సెప్టెంబరు 1న 245 కంపెనీలు, ప్రావిడెంటు సొసైటీలు కలిసి ఒకే సంస్థగా ఏర్పడ్డాయి. డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్నంలో 1925లో నెలకొల్పిన ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ కూడా అందులో కలిసిపోయింది. ఆరంభంలో సంస్థకు 5 జోనల్ కార్యాలయాలు, 33 డివిజనల్ కార్యాలయాలు, 212 శాఖలు ఉండేవి. 1957లో కొత్త వ్యాపారం సుమారు 200 కోట్ల రూపాయలు. 1,000 కోట్లు దాటటానికి 1969-70 దాకా పట్టింది. 2,000 కోట్లకు చేరటానికి మరొక పదేళ్ళు పట్టింది. ఆపైన 1985-86 నాటికే అది 7,000 కోట్లు దాటింది.

ఎనభైల ఆరంభంలో ఈ ఉరవడి రావటానికి ఒక కారణం పరిపాలన పునర్వ్యవస్థీకరణ. అంతవరకు డివిజనల్ కార్యాలయాలలో జరిగే పాలసీ సేవలను శాఖలకు బదలాయించారు, కొత్త శాఖలను విరివిగా తెరిచారు. ఆ రోజులలోనే, 1983లో, మా అక్కయ్య ఉద్యోగంలో చేరింది. అప్పటికి నేను పదవ తరగతి చదువుతున్నాను. ఆమె మొదటి జీతంతో కొనిపెట్టిన జామెట్రీ పెట్టె మీదనే నా ఇంజనీరింగు చదువు మొదలైందని చెప్పుకుంటే అతిశయోక్తి కాదు. ఆ ఉద్యోగం మా ఇంటికి అన్నం పెట్టింది. కనుక ఈ వ్యాసంలో నేను చెప్పబోయేది ఫిర్యాదు కాదని మనవి.

యంత్రం వస్తే మనిషి బరువు తగ్గుతుందా అన్నది తరువాతి ప్రశ్న. 1960వ దశకంలో బీమా సంస్థ కలకత్తాలో కంప్యూటరును నెలకొల్పబోయినప్పుడు, ఉద్యోగాలు పోతాయన్న భయంతో సిబ్బంది ఇలాకో భవనం ఎదుట కావలి కాశారు. ఆ పోరాటం కార్మికోద్యమ చరిత్రలో నిలిచిపోయింది. కాలం మారింది. 1995 నుండి శాఖలలో కౌంటరు దగ్గరే కంప్యూటరు ద్వారా సేవలందించే పద్ధతి ఊపందుకున్నది. లెడ్జర్లలో అంకెలు కూడే శ్రమ, డాకెట్ల కోసం బీరువాల చుట్టూ తిరిగే శ్రమ క్రమంగా తగ్గాయి. అయితే వారం రోజులలో అయితే చాలుననుకున్న పనిని ప్రజలు అదే రోజున కోరసాగారు. "పెన్ను బరువు తగ్గింది, గడియారం బరువు పెరిగింది" అని అక్కయ్య అంటుంది.

2022 మే నెలలో సంస్థ షేర్లు స్టాకు మార్కెటుకు వచ్చిన నాటికి ఉద్యోగుల సంఖ్య లక్షకు అటూ ఇటూగా ఉంది. పాలసీలు 25 కోట్లకు పైగా ఉన్నాయి. ఏజెంట్లు 13 లక్షలకు పైబడ్డారు. భాగహారం చేస్తే ఒక్కొక్క ఉద్యోగి వంతుకు సుమారు 2,500 పాలసీలు వస్తాయి. వీటిలో చాలా భాగాన్ని కంప్యూటరే చూసుకుంటుందన్నది నిజం. కాని కంప్యూటరు చూసుకోలేనివే మనిషి బల్ల మీదకు వస్తాయి. పేరులో ఒక అక్షరం తేడా, పోయిన పాలసీ బాండు, నామినీ కూడా మరణించిన కేసు, వారసుల తగవు ఇటువంటివి. సులువైన పనులు యంత్రానికి పోగా మిగిలినవన్నీ చిక్కుముడులే. కాబట్టి ఫైళ్ళ సంఖ్య తగ్గినంత మాత్రాన భారం తగ్గిందని లెక్కవేయటం పొరపాటు.

భారం ఎంత ఉండాలన్న ప్రశ్నకు గణితం ఒక జవాబు చెబుతుంది. డెన్మార్కులో కోపెన్‌హాగెన్ టెలిఫోను కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే గణితజ్ఞుడు 1909లో టెలిఫోను కాల్స్ రాకపోకలపై ఒక పత్రం ప్రచురించాడు. నేడు క్యూల సిద్ధాంతం అని మనం పిలిచే శాస్త్రానికి అదే పునాది. దాని ప్రకారం ఒక కౌంటరు దగ్గరకు జనం వేళాపాళా లేకుండా వస్తూ, ఒక్కొక్కరి పనికి సగటున 10 నిమిషాలు పడుతుంది అనుకుందాం. ఆ గుమస్తా సమయంలో 80 శాతం పనితో నిండి ఉంటే వచ్చినవారు సగటున 40 నిమిషాలు వేచి ఉండాలి. 90 శాతం నిండితే 90 నిమిషాలు వేచి ఉండాలి. 95 శాతం నిండితే 190 నిమిషాలు, అంటే మూడు గంటల పైమాట. నూటికి నూరు నిండితే వరుసకు అంతే లేదు.

ఈ లెక్కను ఒకసారి నిదానంగా చూడండి. భారం 80 నుండి 95కు పెరిగితే పెరిగింది పదిహేనే. వేచి ఉండవలసిన సమయం మాత్రం ఐదింతలకు చేరువైంది. ఇదే లెక్కను తిరగవేస్తే, 95 నుండి 90కి దించగానే వరుస సగానికి పైగా తగ్గిపోతుంది. ఉద్యోగి చేతిలో కనిపించే ఆ కాస్త ఖాళీ సమయాన్ని చూసి పై అధికారి కళ్ళెర్ర చేస్తాడు. నిజానికి వరుసను కదిలిస్తున్నది ఆ ఖాళీయే. ఆ గుమస్తా తలెత్తి, ఎదుట నిలబడిన ముసలాయనతో "కూర్చోండి తాతగారూ" అనగలిగేది కూడా ఆ ఖాళీ ఉన్నప్పుడే.

"అయితే మార్చి నెల సంగతేమిటి?" అని మీరు అడగవచ్చు. ఆదాయపు పన్ను మినహాయింపు కోసం జనం జీవిత బీమా వైపు పరుగెత్తేది ఆర్థిక సంవత్సరం చివరనే. కొత్త వ్యాపారంలో గణనీయమైన భాగం ఆ నెలలలోనే వస్తుంది. ఆ రోజులలో అక్కయ్య తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, ఇద్దరు పిల్లలకూ అత్తగారికీ వంట చేసి పెట్టి, తొమ్మిదిన్నరకు కార్యాలయానికి చేరేది. రాత్రి తొమ్మిదింటికి తిరిగివచ్చి మళ్ళీ పొయ్యి వెలిగించేది. హాజరు పట్టీలో లెక్కకు వచ్చేది కార్యాలయపు గంటలే. పొయ్యి దగ్గరి గంటలు ఏ పట్టీలోనూ ఎక్కవు. ఉద్యోగినుల భారాన్ని లెక్కించేటప్పుడు ఈ రెండవ షిఫ్టును మరచిపోరాదు.

మార్చి వంటి ఒత్తిడి ఏ సంస్థకూ తప్పదు. ట్రాన్స్‌ఫార్మరుకు కూడా సాయంత్రం వేళ భారం పెరుగుతుంది. ప్రమాణాలు దానిని నిషేధించవు. కొద్ది గంటలు పరిమితి మించి మోయవచ్చు, ఆ తరువాత చల్లబడే వ్యవధి ఇవ్వాలి అంటాయి. ట్రాన్స్‌ఫార్మరు లోపల తీగలకు చుట్టిన కాగితం, వేడి హద్దు దాటిన తరువాత, ప్రతి 6 డిగ్రీలకూ సుమారు రెట్టింపు వేగంతో వయస్సు కోల్పోతుంది. విచిత్రమేమంటే బయటికి ఏమీ కనిపించదు. దీపాలు వెలుగుతూనే ఉంటాయి, మీటర్లు తిరుగుతూనే ఉంటాయి. ఒకనాడు చిన్న కుదుపు వస్తుంది, కాగితం పొడిపొడి అవుతుంది. అప్పుడు అందరూ ఆ కుదుపును తిడతారు. ఏళ్ళ తరబడి పేరుకున్న వేడిని గురించి ఎవరూ మాట్లాడరు.

మనిషి విషయంలోనూ లెక్క ఇంచుమించు ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అధ్యయనాన్ని వెలువరించాయి. వారానికి 35 నుండి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి పక్షవాతం వచ్చే ముప్పు 35 శాతం, రక్తనాళాలు పూడుకుపోయే గుండె జబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువని అందులో తేల్చారు. 2016 ఒక్క సంవత్సరంలోనే ఇటువంటి దీర్ఘ పనిగంటల ఫలితంగా ప్రపంచమంతటా సుమారు 7 లక్షల 45 వేల మంది చనిపోయారని అంచనా వేశారు. ఇది ఇలా ఉండగా 2023లోనూ, 2025 ఆరంభంలోనూ మన దేశపు పారిశ్రామిక ప్రముఖులు వారానికి 70 గంటలని ఒకరు, 90 గంటలని మరొకరు ఉద్బోధించారు. పరిశ్రమలలో రోజుకు 8, వారానికి 48 గంటలు మించరాదని కార్మిక సంస్థ తన మొట్టమొదటి ఒడంబడికలో 1919లోనే చెప్పింది. ఆ హద్దు కోసం మన ముందుతరాలవారు ఎంత పాటుపడ్డారో తెలిసినవారెవరూ దానిని తేలికగా చెరిపివేయరు.

ఇంతవరకు ఇతరుల సంగతి చెప్పాను. ఇక నా సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం నిజాయితీ లేనిదవుతుంది.

పాతికేళ్ళ క్రిందటి మాట. అప్పుడు నేను పనిచేస్తున్న చోట వార్షిక షట్‌డౌన్ జరుగుతున్నది. నా విభాగంలో ఒక టెక్నీషియను ఉండేవాడు. ఎంతటి చిక్కు పనినైనా ఇట్టే చక్కబెట్టేవాడు, కాదు అన్న మాట ఎరుగడు. సహజంగానే క్లిష్టమైన పనులన్నీ అతని పేరునే వ్రాసేవాడిని. వరుసగా మూడు రోజులు పగలూ రాత్రీ అతనే పనిచేశాడు. డ్యూటీ చార్టు మీద సంతకం నాదే. మూడవ రాత్రి రెండు గంటల వేళ, ఎర్త్ రాడ్ తగిలించకుండానే అతను లైను మీద చేయి వేయబోయాడు. ప్రక్కన ఉన్న కుర్ర హెల్పరు "అన్నా, ఎర్త్ పెట్టలేదు!" అని అరచి భుజం పట్టి వెనక్కు లాగాడు. పరీక్షించి చూస్తే ప్రక్క లైను నుండి వచ్చిన విద్యుత్తు ఇంకా అందులో ఉన్నది.

మరునాడు విచారణ జరిగింది. ఎర్త్ రాడ్ ఎందుకు మరచాడు, నిబంధన తెలియదా, పర్మిటు చదవలేదా అని అతనిని ప్రశ్నించారు. అతను తల వంచుకుని నిలబడ్డాడు. నివేదికలో "సదరు ఉద్యోగి నిర్లక్ష్యం" అని వ్రాశారు. వ్రాసింది నేనే. వరుసగా మూడు రాత్రులు అతనిని ఎవరు నిలబెట్టారన్న ప్రశ్న ఆ నివేదికలో లేదు. అడిగేవారు లేరు, నాకు నేను అడుగుకోలేదు. అతనికి ఒక హెచ్చరిక లేఖ, నాకు షట్‌డౌన్ గడువులోగా పూర్తిచేసినందుకు ఒక అభినందన లేఖ అందాయి. ఆ రెండవ లేఖ నా దగ్గర ఇంకా ఉంది. దానిని గోడకు తగిలించుకునే ధైర్యం నాకు ఏనాడూ కలగలేదు.

పనిచేసేవాడికే పని అని మనవాళ్ళు నవ్వుతూ అంటారు. అది నవ్వులాట కాదు, ఒక నిర్వహణ పద్ధతి. చేయగలిగినవాడిపై ఇంకొంత, చేయలేనివాడిపై ఇంకొంచెం తక్కువ వేయటం అధికారికి సులువు. దాని వలన చేయగలిగినవాడు అరిగిపోతాడు, రెండవవాడు ఎన్నటికీ నేర్చుకోడు. పంపు హౌసులో రెండు పంపులు ఉంటే వంతులవారీగా నడుపుతాము. ఒకటే బాగున్నదని దానినే ఏడాది పొడవునా నడిపిన ఇంజనీరును మనం మెచ్చుకోము. మనుషుల విషయంలో అదే పని చేసినవాడిని సమర్థుడంటాము.

ఆ టెక్నీషియను "నా వల్ల కాదండీ" అని ఎందుకు అనలేదు? అనే వాతావరణం నేను కల్పించలేదు గనుక. క్రిందివాడి నోట "కాదు" అన్న మాట పైకి చేరే దారి ఉన్నదా లేదా అన్నదే ఏ సంస్థ నిర్వహణ సంస్కృతికైనా గీటురాయి. ఆ దారి పూడుకుపోవటం క్రింది మెట్టుకు మాత్రమే పరిమితమైన జబ్బు కాదు. బీమా సంస్థ పుట్టిన కొద్ది నెలలకే, 1957లో, హరిదాస్ ముంద్రా అనే వ్యాపారికి చెందిన ఆరు కంపెనీల షేర్లను 1 కోటి 24 లక్షల రూపాయలకు పైగా వెచ్చించి కొన్నారు. సంస్థ పెట్టుబడుల సంఘాన్ని ముందుగా సంప్రదించలేదు. వ్యవహారం పార్లమెంటుకు ఎక్కింది. 1958లో జస్టిస్ చాగ్లా బహిరంగ విచారణ జరిపారు, ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. పై నుండి సూచన వచ్చినప్పుడు నియమాన్ని చూపి ఆగమనటం పెద్ద అధికారులకే అంత కష్టమైనప్పుడు, షిఫ్టు టెక్నీషియనుకు ఎంత కష్టమో ఊహించండి.

అయితే ఆ దారిని తెరిచి ఉంచినవారు కూడా ఉన్నారు. అక్కయ్య తొంభైల ఆరంభంలో తన శాఖకు వచ్చిన ఒక మేనేజరును గురించి చెప్పింది. ఆయన ప్రతి శుక్రవారం సాయంత్రం ఒక్కొక్క విభాగాన్నీ రెండే అంకెలు అడిగేవారట. ఈ వారం ఎన్ని కాగితాలు వచ్చాయి? ఎన్ని మిగిలాయి? ఎన్ని చేశారని అడిగేవారు కాదట. మిగిలిన అంకె రెండు వారాలు వరుసగా పెరిగితే ఆ బల్ల దగ్గరకు స్వయంగా వెళ్ళి, కుర్చీ లాక్కుని కూర్చుని, "ఏమమ్మా, ఎక్కడ చిక్కుపడింది?" అనేవారట. తప్పు ఎవరిదని మాత్రం అడిగేవారు కాదట.

మార్చి నెల వచ్చింది. అన్ని విభాగాల వారినీ కొత్త వ్యాపారం కాగితాలకు మళ్ళించారు. ఆ మేనేజరుగారు క్లెయిముల బల్ల దగ్గరి ఇద్దరిని మాత్రం కదపలేదు. వారిలో ఒకరు మా అక్కయ్య. "సార్, అందరూ అక్కడ అంత ఇబ్బంది పడుతుంటే మేము ఇక్కడ కూర్చోవటం బాగుండదు" అని ఆమే వెళ్ళి చెప్పిందట. ఆయన అన్నారట: "అమ్మా, కొత్త పాలసీ కట్టేవాడు ఏప్రిల్‌లో కట్టినా మనవాడే. చనిపోయినవాడి భార్యకు మార్చి, ఏప్రిల్ ఒకటి కావు."

ఆ నెలలోనే ఒక గీత కార్మికుని క్లెయిము వచ్చింది. తాటిచెట్టు మీద నుండి పడి చనిపోయాడు. వయస్సు ధ్రువపత్రంలో ఒక పేరు, పాలసీలో మరొక పేరు ఉన్నాయి. మామూలుగా అయితే ఉత్తరాల మీద ఉత్తరాలు నడిచే కేసు. బల్ల మీద భారం తక్కువగా ఉన్నందున అక్కయ్య ఆ భార్యను కూర్చోబెట్టి, ఏ కాగితం ఎక్కడ దొరుకుతుందో చీటీ మీద వ్రాసి ఇచ్చింది. చెక్కు పిల్లల బడులు తెరిచేలోగా చేతికి అందింది. ఆ సంవత్సరం శాఖ లక్ష్యం చేరిందో లేదో అక్కయ్యకు ఇప్పుడు గుర్తు లేదు. ఆ స్త్రీ చెక్కును కళ్ళకద్దుకుని, కొంగున ముడివేసుకుని, మెట్లు దిగి వెళ్ళటం మాత్రం గుర్తున్నది. 2002లో వచ్చిన పాలసీదారుల ప్రయోజన పరిరక్షణ నిబంధనలు కావలసిన పత్రాలన్నీ అందిన 30 రోజులలోగా క్లెయిమును తేల్చాలన్నాయి. నిబంధన రాకమునుపే ఆ మేనేజరుగారు ఆ సూత్రాన్ని బల్లల అమరికతో అమలు చేశారు.

ఇదంతా చదివి, నిర్ణయాలు పైవారివి, మన చేతిలో ఏమున్నదని కొందరు నిట్టూర్చవచ్చు. మన చేతిలో ఉన్నవి కొన్ని లేకపోలేదు. నలుగురిపై అజమాయిషీ ఉన్న ప్రతివారూ చేసిన పనితో పాటు మిగిలిన పనిని కూడా లెక్కపెట్టవచ్చు. కష్టమైన పనికి రెండవ మనిషిని తయారుచేయవచ్చు. షట్‌డౌన్ ముగిసిన వారం ఎవరినీ అదనపు పనికి పిలవకుండా ఉండవచ్చు. పొరపాటు జరిగినప్పుడు మనిషిని ప్రశ్నించే ముందు డ్యూటీ చార్టును తెప్పించి చూడవచ్చు. వీటికి కొత్త పోస్టులు అక్కరలేదు, బోర్డు ఆమోదం అక్కరలేదు. ఇక ఇంట్లోవారికి ఒక విన్నపం. ఆలస్యంగా వచ్చిన మనిషిని "ఎందుకింత ఆలస్యం?" అని అడగటం సహజమే. దానితో పాటు "ఈ వారంలో ఇది ఎన్నో రోజు?" అని కూడా అడగండి. మన ఉష్ణోగ్రతను మనకంటె ముందుగా గుర్తించేది మన ఇంటివారే.

బీమా సంస్థలో 2021 మే 10 నుండి ప్రతి శనివారం సెలవు అమలులోకి వచ్చింది. అక్కయ్య పదవీ విరమణ చేసి అప్పటికి నాలుగు నెలలు కూడా కాలేదు. "ముప్పై ఏడేళ్ళు ఎదురుచూస్తే, నేను ఇంటికి వచ్చాక ఇచ్చారురా" అని నవ్వుతుంది. వెంటనే "పోనీలే, ఇప్పుడు చేసే పిల్లలకైనా దొరికింది" అంటుంది. ట్రాన్స్‌ఫార్మరుకు చల్లబడే వ్యవధి దొరికిందని నేను అర్థం చేసుకున్నాను.

మొన్న ఆమెకు ఫోను చేసి, ప్రశ్నకు జవాబు దొరికిందని చెప్పాను. "మనిషికి పలక ఎక్కడ బిగిస్తారని అడిగావు కదా అక్కయ్యా. మనిషి ఒంటి మీద బిగించరు. అతని డ్యూటీ చార్టు మీద సంతకం చేసేవాడి మనస్సులో బిగించాలి." కొంచెంసేపు ఊరుకుని, "మరి నీ మనస్సులో బిగించుకున్నావా?" అని అడిగింది. ఎర్త్ రాడ్ సంగతి ఆమెకు అంతవరకు చెప్పలేదు. ఆ రోజున చెప్పాను.

వచ్చే సంచికలో మళ్ళీ యంత్రాల దగ్గరకు, బ్యాటరీ గదికి వెళదాం.